పక్క గనిలో చుక్క

మనిషిని నమ్మడం కన్నా అనుమానించడమే నాకు సులువు. అందుకే బేతంచెర్లలోని మా గని నుంచి పాలిష్ మిషన్లకు రాయి తోలే మా లారీకి ట్రాకర్ పెట్టించాను. కర్నూలులో కూర్చుని ఫోను మ్యాపులో దాని చుక్కనే చూసేవాణ్ణి. లారీ నడిపేది మా నాన్న కాలం నుంచీ ఉన్న డ్రైవరు.

ఒకసారి వరసగా మూడు రోజులు ఆ చుక్క గట్టు అవతల పక్క గనిలో నిలబడింది. ఇంకేముంది, మా డీజిల్‌తో వాళ్ళ రాయి తోలుతున్నాడని తీర్మానించేశాను. ఫోను చేస్తే, మన గని అడుగునే లోడు కోసం ఆగానన్నాడు. సిగ్నల్ అందక మాట తెగుతుంటే, అబద్ధం వెతుక్కుంటున్నాడనుకున్నాను. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది కదా. సాయంత్రం గనికి పోయి, కూలీలందరి ముందు అతన్ని దొంగ అన్నాను. అతను బండి దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు లోడుకు నేనే వెళ్ళాల్సి వచ్చింది. గని అడుగున లారీకి ఆనుకుని ఫోను చూస్తే, లారీ పక్క గనిలో ఉంది. నా ఫోను చుక్క ప్రకారం నేనూ అక్కడే ఉన్నాను.

ట్రాకర్ బిగించినతన్ని గట్టిగా అడిగాను. పైన ఒక్కో ఉపగ్రహం తానెక్కడున్నదీ, టైమెంతైందీ చెబుతూ ఉంటుందట. ఆ కబురు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ట్రాకర్ దూరం కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి దూరాలు కుదిరిన చోటే మన చోటు. లోతు గనిలో ఆకాశం కొంచెమే కనబడుతుంది. కబురు నిలువుగా కోసిన రాతిగోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. సెకనులో కోటి వంతుల్లో ఒక్క వంతు ఆలస్యమైనా, ముప్ఫై మీటర్లు ఎక్కువ లెక్కేస్తుంది. అతన్నీ నమ్మక గని పైకెక్కి చూశాను. నా చుక్క బుద్ధిగా మా గట్టు మీదికే వచ్చింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూటే డ్రైవరు ఇంటికి పోయి, తప్పంతా ఆ ట్రాకర్ మిషన్‌దేననీ, మనసులో పెట్టుకోకుండా పనిలోకి రమ్మనీ బతిమాలాను.

అతను నా మొహం చూడకుండానే అన్నాడు. "నేను యాడుండానో మిషన్ తప్పు చెప్పిండాది, అంతేనప్పా. దొంగనని అది చెప్పలేదు."

అతను మళ్ళీ మా లారీ ఎక్కలేదు.