లిమిట్ పెంచుతారట

మా నాన్న ఏటా పంట డబ్బు చేతికి రాగానే ఎరువుల కొట్టు బాకీలో కొంత కట్టి, మిగతాది వచ్చే పంటకు అని చెప్పి వచ్చేవారు. ఒక ఏడు కొట్టాయన, "ముందు పాతది తీర్చండి. ఆ తర్వాతేనండి కొత్త బస్తాలు" అన్నాడు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. గేదెను అమ్మి బాకీ మొత్తం కట్టేసి, మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

నేను కొవ్వూరులో లెక్కల మాస్టారునయ్యాక క్రెడిట్ కార్డు తీసుకున్నాను. బిల్లులో 'మినిమం డ్యూ' అని ఉన్న చిన్న మొత్తాన్ని నెలనెలా గడువుకు ముందే కట్టేవాణ్ణి. కొంత కడితే పరువు నిలుస్తుందన్న నాన్న లెక్కే నాదీ. బ్యాంకు రెండుసార్లు లిమిట్ పెంచుతానంటే, అది నా మంచి పేరుకు దక్కిన గౌరవమనుకుని స్టాఫ్ రూములో అందరికీ టీలు తెప్పించాను.

నాలుగేళ్లయినా బాకీ తరక్కపోగా పెరిగిందని బ్యాంకుకు వెళ్లి అడిగాను.

"మినిమం కడితే లేటు ఫీజు పడదు, అంతేనండి. మిగిలినదానికి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పాతది ఉండగా కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ అండి. బిల్లు వెనకాలే రాసుంటుంది" అంది కౌంటర్లో అమ్మాయి.

పిల్లలకు చక్రవడ్డీ నేర్పే నేను ఆ కాగితం ఏనాడూ తిప్పి చూడలేదు.

మెట్లు దిగుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. లిమిట్ ఇంకా పెంచుతారట, సరే అని నొక్కితే చాలట. ఇక ఇవ్వనని ముఖం మీదే చెప్పే మనిషి నాన్నకు దొరికాడు. నాకు దొరకలేదు.