హార్డ్ డిస్క్‌కు మొహం ఎటువైపు

2022 దసరా మర్నాడు. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. పండగ అలసటతో వీధంతా మధ్యాహ్నమే నిద్రపోతోంది. మూసిన షట్టర్ల మీద బంతిపూల దండలు ఇంకా వాడలేదు. నేరేడ్‌మెట్ నుంచి స్కూటర్ మీద వస్తుంటే దారి పొడుగునా నాకూ ఆవులింతలే. ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం ఇరవై రెండేళ్లుగా నా పని. పండగ మర్నాడు ఎవరు పిలిచినా నాకు చిరాకే. ఆ రోజు కూడా విసుక్కుంటూనే మెట్లెక్కాను.

పిలిచినాయన పేరు శ్రీనివాస్. మోటారు పంపుల దుకాణంలో పనిచేస్తాడు. ఇంట్లో కంప్యూటర్‌కు అదనంగా ఇంకో హార్డ్ డిస్క్ కొని, వీడియో చూసి తనే బిగించుకున్నాడు. స్విచ్ వేస్తే నల్లటి తెర, దాని మీద బూట్ డివైస్ దొరకలేదని ఒక లైను. అంటే విండోస్ ఉన్న పాత డిస్క్ కంప్యూటర్‌కు కనిపించడం లేదన్నమాట.

"ఏం చేసినవ్ తమ్మీ?" అని అడిగాను.

"ఏం జెయ్యలేదన్నా. కొత్తది పెట్టిన, స్క్రూలు బిగించిన, గంతే."

ఏం చెయ్యలేదనే మాట నేను రోజూ వింటాను. వినీ వినీ దాని మీద నమ్మకం పోయింది. లోపల నవ్వుకుని కేబినెట్ విప్పాను.

"కొత్తది ఖరాబైనా పరేషాన్ లేదన్నా. పాతదాంట్ల మా అక్క ఇల్లున్నది" అన్నాడు శ్రీనివాస్.

నాకు అర్థం కాలేదు. అతను కిటికీ దగ్గర కూర్చున్న అక్క వైపు చూపించాడు. ఆమె సునంద. పుట్టుకతోనే చూపు లేదు. ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. ఈ అపార్ట్‌మెంట్ లేచిన చోటే ఒకప్పుడు వాళ్ల పెంకుటిల్లు ఉండేది. దాన్ని పడగొట్టకముందు శ్రీనివాస్ ఏళ్ల తరబడి ఆ ఇంటి చప్పుళ్లన్నీ రికార్డు చేసి పెట్టాడు. తలుపు గొళ్లెం, వాకిట్లో చేతిపంపు, అప్పటికింకా బతికున్న వాళ్లమ్మ బియ్యం చెరగడం, పక్కింటి మేక అరుపు కూడా.

"మీ ఇండ్లల్ల ఫొటోల ఆల్బం ఉంటది గదా. గిది మా అక్క ఆల్బం. ఇంకో కాపీ లేదన్నా. రెండో కాపీ చేద్దామనే కొత్త డిస్క్ కొన్న."

రెండో కాపీ కోసం కొన్న డిస్క్ ఇంట్లో అడుగుపెట్టిన రోజే మొదటిది మాయమైంది. నా ఆవులింతలు అక్కడితో ఆగిపోయాయి.

అదనపు డిస్క్ పెట్టాక కంప్యూటర్ మొరాయించడం మాకు కొత్త కాదు. ముందు బయోస్‌లోకి వెళ్తాం. విండోస్ కంటే ముందే మేలుకుని, ఏయే భాగాలున్నాయో లెక్క చూసుకునే ప్రోగ్రాం అది. చాలాసార్లు అందులో డిస్కుల వరస తారుమారవుతుంది, సరిచేస్తే సరిపోతుంది. ఇక్కడ మాత్రం పాత డిస్క్ పేరే లేదు. సాటా కేబుల్ మార్చాను. డిస్క్ నుంచి సమాచారం మోసే సన్నటి పట్టీ అది. కరెంటు వైరు మార్చాను. రెండు డిస్కులకు పవర్ చాలడం లేదేమోనని కొత్తదాన్ని తీసేశాను. ఊహూఁ. చివరికి పాతదాన్ని బయటకు తీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. చెవి ఆనిస్తే లోపల మోటారు మెత్తగా తిరుగుతోంది. ల్యాప్‌టాప్ మాత్రం నాకేమీ తెలియదన్నట్టు ఉండిపోయింది.

బయట ఎండ మెల్లగా పసుపురంగుకు తిరిగింది. దూరంగా ఎంఎంటీఎస్ రైలు కూత వేసుకుంటూ పోయింది.

"రికవరీ ల్యాబ్‌కు పంపాల్నేమో తమ్మీ. లోపలున్న ఫైళ్లు దొరుకుతయని నేను మాటియ్యలేను" అన్నాను.

శ్రీనివాస్ తల దించుకున్నాడు. సునంద మాత్రం నా వైపు తిరిగి అడిగింది.

"తిరుగుతున్నదా అన్నా?"

"తిరుగుతున్నది చెల్లె."

"అయితే ఇల్లు లోపల్నే ఉన్నది. జెర నా చేతికియ్యిండ్రి."

వైరు ఊడదీసి డిస్క్ ఆమె చేతిలో పెట్టాను. నిద్రపోతున్న పిల్లను అందుకున్నట్టే అందుకుంది. వేళ్లు నేరుగా ఒక అంచు దగ్గరకు వెళ్లి ఆగాయి.

"నిన్న పెట్టిన పసుపు ఎండిపోయింది" అంది తనలో తనే.

"ఏం పసుపు?"

"ఆయుధ పూజ గదన్నా. ఇంట్ల అన్నిటికీ పెట్టినం. కొత్తదానికి కవరు మీదనే పెట్టిన. ఇన్నేండ్లు మా ఇల్లు మోసింది పాతదే గదా, దానికి సుత పెడతనని, తమ్ముడు బయటికి తీసినప్పుడు నా చేతిలకు తీసుకున్న. మొహం ఎటున్నదో వెతికిన. ఒక దిక్కు గీతలు గీతలు తగిలినయ్. గదే మొహమనుకున్న."

ఆ గీతలే సాటా కనెక్టర్. డిస్క్ మాట్లాడేది అక్కడినుంచే. ఒకరకంగా ఆమె మొహం సరిగ్గానే గుర్తుపట్టింది, నోటి నిండా పసుపు పెట్టింది. ఆ గీతలకు బంగారు పూత ఉంటుంది కాబట్టి అవి మామూలుగానే పచ్చగా ఉంటాయి. వాటి మీద ఎండిన పసుపు నా కళ్లకు ఆనలేదు. ఇరవై రెండేళ్ల అనుభవం, చేతిలో టార్చి, ముక్కు మీద కళ్లద్దాలు, అన్నీ ఉండి నేను చూడలేదు. సిగ్గేసింది.

నేను గబగబా సంచిలో బ్రష్ వెతకడం విని ఆమె మొహం పాలిపోయింది.

"నా వల్లనే పోయిందా అన్నా?"

"ఛ, కాదు. కేబుల్ లూజున్నది" అనేశాను. అబద్ధాలాడటం మా పనిలో మామూలే గానీ, ఇంత త్వరగా ఎప్పుడూ ఆడలేదు.

డిస్క్ తీసుకుని, మెత్తటి బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి ఒక్కో గీతనూ తుడవడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కాలేదు.

"పసుపు వాసనొస్తున్నది. నాకు అబద్ధం జెప్పకున్రి అన్నా" అంది సునంద. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

"నిజమే చెల్లె, పసుపే. తుడిస్తే పోతది. నువ్వు చేత్తోని పట్టుకోకుంటే నాకు దొరుకకపోవు" అన్నాను. ఈసారి అన్నదంతా నిజం.

ఆరనిచ్చి, మళ్లీ బిగించి, స్విచ్ వేశాను. బయోస్‌లో రెండు పేర్లూ వచ్చాయి. విండోస్ తెరుచుకుంది. శ్రీనివాస్ ఒక ఫైల్ నొక్కాడు.

ముందు గాలి. తర్వాత గొళ్లెం తీసిన చప్పుడు, కిర్రుమంటూ తలుపు. చేతిపంపు రెండుసార్లు దగ్గి నీళ్లు పోసింది. "సునందా, లోపలికి రా" అని ఎవరో పిలిచారు. వాళ్లమ్మ.

సునంద లేచింది. నున్నటి టైల్స్ గదిలో నాలుగడుగులు వేసి, ఒకచోట పాదం కాస్త పైకెత్తి, జాగ్రత్తగా అవతల పెట్టింది. అక్కడ ఏమీ లేదు. పాత ఇంటి గడప అదని శ్రీనివాస్ నాకు చెవిలో చెప్పాడు. ఫైళ్లు కొత్త డిస్క్‌లోకి కాపీ అవుతున్నంతసేపూ నేను కదలలేదు. కళ్లు మూసుకుని, నేనెన్నడూ చూడని ఆ వాకిట్లో కూర్చున్నాను. వెళ్లాలనిపించలేదు.

ఆ రోజు నుంచి నేను ప్రశ్న మార్చుకున్నాను. ఏం చేశారని అడగడం మానేసి, ఆ రోజు ఇంట్లో ఏమేం జరిగిందని అడుగుతున్నాను. పూజ చేయడం ఎవరి లెక్కలోనూ కంప్యూటర్‌ను ఏదో చేయడం కాదు. శ్రీనివాస్ నాకు అబద్ధం చెప్పలేదు, నేనే తక్కువ అడిగాను.

ఏటా దసరాకు ఇప్పుడు నేనే రాంగోపాల్‌పేట్ వెళ్తాను, పిలవకపోయినా. కేబినెట్ విప్పి, పాత డిస్క్ బయటకు తీసి, సునంద చూపుడువేలు పట్టుకుని దాని పైన నున్నటి లేబుల్ మీద ఆనిస్తాను. "గిక్కడ చెల్లె, ఇది నుదురు" అంటాను. ఆమె పొడి కుంకుమ చిటికెడంటే చిటికెడు అద్ది, వేలు తుడుచుకుని, ఆ కిందనే ఉన్న గీతలను ఒక్కసారి తడిమి చూస్తుంది, శుభ్రంగా ఉన్నాయో లేదోనని.