ఇంటి బొమ్మకు వైరు

మా ఆయన బస్సు నడిపేవాడు. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్, మళ్లీ వెనక్కి. డ్యూటీ లేని రోజు ఫోమ్ బోర్డు ముక్కలు కోసుకుంటూ కూర్చునేవాడు. వనపర్తిలో కొన్న ప్లాటులో మేం కట్టబోయే ఇంటికి ముందే బొమ్మ చేస్తున్నాడు. మేస్త్రీకి కాగితం చూపిస్తే తలూపి తనకు తోచింది కడతాడట, బొమ్మ చూపిస్తే తప్పించుకోలేడట. మేస్త్రీలను ఎరిగినదాన్ని కాబట్టి నేను నవ్వేదాన్ని. గోడలు నిలబెట్టాడు, మెట్లు అతికించాడు, కిటికీలకు చువ్వలు కూడా పెట్టాడు. గదిగదికీ లైటు వెలిగించి చూపిస్తానని వాళ్లమ్మకు మాటిచ్చాడు. గోధుమ గింజంత బల్బులు తెచ్చి డబ్బాలో పెట్టాడు. వైరు ఇంకా తేలేదు. ఎండాకాలంలో ఒక పొద్దున డిపోకు బయలుదేరబోతూ గుండె ఆగి పోయాడు.

నేను ఏడవలేదు. మా వైపు చావింటికి వచ్చిన ఆడవాళ్లు ఇంటావిడ మెడ మీద పడి శోకాలు పెడతారు. ఆమె కూడా వాళ్లను పట్టుకుని, పోయిన మనిషిని తలచుకుని రాగం తీయాలి. నేను ఒక్కొక్కరి వీపు నిమిరి, వాళ్లకు మంచినీళ్లు ఇమ్మని లోపలికి చెప్పాను. రాగం తీసే గొంతు నాకెప్పుడూ లేదు సరే, కంట్లో తడి కూడా రాలేదు. దినాల నాడు వంటవాళ్లకు బియ్యం నేనే కొలిచి ఇచ్చాను. అందరూ చూశారు, అందరికన్నా ఎక్కువగా మా అత్తమ్మ చూసింది.

ఆ తర్వాత ఆమె నాతో అవసరానికే మాట్లాడింది. మానవపాడులో ఉన్న మా ఆడబిడ్డకు మాత్రం ఫోన్ చేసి, తన కొడుకు కోసం ఒక్క చుక్క రాల్చని మనిషితో తాను ఉండలేనని, వచ్చి తీసుకపొమ్మని చెప్పింది. నాకు వినబడేలాగే చెప్పింది. ఆడబిడ్డ ఆదివారం వస్తానంది. మాకు పిల్లలు లేరు. అత్తమ్మ పోతే ఇంట్లో ఆయన పేరు పలికే మనిషి ఇంకొకరు ఉండరు. అది తెలిసి కూడా నాకు భయం వేయలేదు, కోపం రాలేదు. ఆయన ఇచ్చిన మాట ఒకటి మిగిలింది, ఆమె పోయేలోపు అది తీర్చేస్తే సరిపోతుందనుకున్నాను.

మొదట ఇంట్లో పడి ఉన్న కరెంటు వైరు పెట్టి చూశాను. వంచబోతే వైరు వంగలేదు, గోడే ఊడి వచ్చింది. తర్వాత పాడైన ఇయర్‌ఫోన్ వైరు కోశాను. రాగి పోగులతో పాటు లోపల ఏదో నూలు కలిపి ఉంది. ఆయన కడ్డీ వేడి చేసి టంకం పెట్టబోతే నూలు కాలి కంపు కొట్టింది తప్ప రాగికి అంటుకోలేదు. నేను బట్టలు కుట్టేదాన్ని, నూలుతో నాకెప్పుడూ పేచీ లేదు గానీ ఆ నూలు మాత్రం నా మాట వినలేదు.

చివరికి బస్టాండు వెనక మోటార్లు వైండింగ్ చేసే ముసలాయన దగ్గరికి పోయాను. బోరు మోటార్లు కాలని వారం మా దిక్కు ఉండదు కాబట్టి ఆ షాపు ముందు ఎప్పుడూ రైతులే. ఆయనకు మా ఆయన తెలుసు, పరామర్శ మొదలుపెట్టబోయాడు. నేను అడ్డం తగిలి, గోడకున్న రీళ్లలో అన్నిటికన్నా సన్నది చూపించాను. జాకెట్టు కుట్టే దారమంత ఉంది, ఉత్త రాగిలా ఎర్రగా మెరుస్తోంది. మీద ప్లాస్టిక్ లేని వైరు ఎలా పనికొస్తుందని అడగాల్సింది. అడిగితే కూర్చోమంటాడు, కూర్చుంటే మా ఆయన మంచితనం గురించి చెబుతాడు. చిన్న చుట్ట తీసుకుని వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే బొమ్మ పైకప్పుల్లోంచి వైరు దింపి, గోడల మూలల వెంట నడిపించి, బల్బులన్నిటికీ అతికించాను. వైరు ఎక్కడుందో కనబడనే లేదు. బ్యాటరీ సెల్లులు పెట్టాను. ఒక్క బల్బూ వెలగలేదు. సెల్లులు మార్చినా వెలగలేదు. అత్తమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

మర్నాడు మళ్లీ పోతే ముసలాయన నా చేతిలోని వైరు కొసను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూశాడు.

"కొసలు గీకినవా బేటీ? చూడనీకి ఉత్త రాగి లెక్కనే ఉంటది, మీద వార్నిష్ పొర ఉంటది. గీకకుంటే కరెంటు తాకదు."

మోటారులో చుట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నా కాలకుండా ఉండేది ఆ పొర వల్లేనట. ఈసారి ఆయన పరామర్శ జోలికి పోలేదు.

శనివారం బ్లేడుతో ప్రతి కొసా గీకి మళ్లీ అతికించాను. కిటికీలు మూసి సెల్లులు పెట్టగానే బొమ్మంతా వెలిగింది. అత్తమ్మను తెచ్చి ముందు కూర్చోబెట్టాను. ఆమె వంగి కిటికీల్లోంచి గదిగదీ చూసింది. వసారా పక్కన చిన్న గది ఎవరిదని అడిగింది. నీదేనని చెప్పాను. బాత్రూమ్ నీకు దగ్గరగా ఉండాలని ఆయన దాన్ని విప్పి మళ్లీ కట్టాడని కూడా చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సెల్లులు వేడెక్కుతున్నాయేమోనని నేను తాకి చూస్తున్నాను.

అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. బొటనవేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి, పగిలి, నీరు కారుతోంది. టంకం కడ్డీ ఎప్పుడు తగిలిందో, ఎంతసేపు ఆని ఉందో నాకు తెలియదు.

"గింత కాలితె నీకు తెల్వలేదా?"

"తెల్వలే అత్తమ్మా."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆయన పోయిన నాటి నుంచి నన్నలా చూడలేదు.

"ఏడ్వలేదని నిన్ను ఎన్ని మాటలంటి. వాడు పోయిండని నీకింకా తెల్వనే లేదు బిడ్డా."

ఆ మాటకైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె కొబ్బరినూనె తెచ్చి పుండు మీద రాసి, మండుతుందా అని అడిగింది. లేదన్నాను. ఆదివారం ఆడబిడ్డ వచ్చి, సంచి ఎందుకు సర్దలేదని వాళ్లమ్మను నిలదీసింది. అత్తమ్మ ఆమెకు అన్నం పెడుతూ, నేను అక్కడ లేనట్టే చెప్పింది.

"నేను రాను. ఈ పిల్లకు తెలిసిననాడు పక్కన మనిషి ఉండాలె."