కాస్త తగ్గు

పోయిన వారం చెవుల పరీక్షకి వెళ్లాను. వెళ్లానంటే నా అంతట నేను వెళ్లలేదు, మా ఆవిడ లాక్కెళ్లింది. కాలింగ్ బెల్ మోగుతున్నా లేవకుండా పేపరు చదువుకుంటున్నానని, పని ఎగ్గొట్టడానికి ఇదో కొత్త ఎత్తని మొదట్లో ఆవిడ అనుమానపడింది. తర్వాత తన అనుమానం మీదే తనకి అనుమానం వచ్చి, సూర్యారావుపేటలో ఒక చెవి డాక్టరు దగ్గర తేల్చింది నన్ను. అక్కడ బీరువా కంటే కాస్త పెద్దదైన అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి రెండు డిప్పలు తగిలించి, చేతికొక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలట. ఒకచోట అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ నాకు చేతకాని విద్య. కాళ్లు ఊపుతూ, వచ్చిన ప్రతి శబ్దానికీ స్వరం పేరు పెట్టుకుంటూ నొక్కుతున్నాను. ఇది కింది పంచమం, ఇది షడ్జం, ఇది కాస్త శ్రుతి తప్పిన గాంధారం. కొంచెం పైకి వెళ్లాక శబ్దాలు ఆగిపోయాయి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి మాత్రం మీటలు నొక్కుతూనే ఉంది. మెషిన్ చెడిపోయినట్టుంది, పాపం ఈ పిల్లకి తెలిసినట్టు లేదు అనుకుని నేనే లేచి చెప్పబోయాను. ఆ అమ్మాయే తలుపు తీసింది. పై శబ్దాలు ఎనిమిది సార్లు మోగించిందట, నేను ఒక్కసారీ నొక్కలేదట.

కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వచ్చి, కుడివైపు పూర్తిగా కిందికి పడిపోయింది. ఎప్పుడైనా మెషిన్ల దగ్గర పనిచేశారా అని అడిగింది. చేశాను, ముప్పై ఏళ్లు. ఇబ్రహీంపట్నం దగ్గర ఉద్యోగం, పెద్ద యంత్రాలున్న హాల్లో షిఫ్టులు. చెవుల్లో పెట్టుకోమని ప్లగ్గులు ఇచ్చేవారు, నేను వాటిని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకునేవాణ్ణి. తప్పు నాదే. "పై శబ్దాలే ముందు పోతాయండి," అంది ఆ అమ్మాయి. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "మీరు గట్టిగా అరవక్కర్లేదు మేడమ్. గొంతు కాస్త తగ్గించి, కింది స్థాయిలో మాట్లాడితే చాలు, శుభ్రంగా వినపడుద్ది," అంది. ఆ ‘తగ్గించి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాట నాకు ఇంకొకరు చెప్పారు, ఒకసారి కాదు, కొన్ని వందల సార్లు. అన్నిసార్లూ నేను తప్పుగానే విన్నాను. అప్పుడు నా చెవులు బాగానే ఉన్నాయి.

ఆ మనిషిని నేను బాబాయి అని పిలిచేవాణ్ణి గానీ మాకు చుట్టం కాదు. తొంభైల్లో వన్ టౌన్‌లో మేం అద్దెకున్న ఇంట్లో పక్క వాటా వాళ్లది. వాళ్లు ముస్లింలు, మేం హిందువులం. మధ్యలో ఒక గోడ, గోడకో కిటికీ, ఆ కిటికీలోంచి రోజూ ఒక గిన్నె అటు వెళ్లేది, ఇంకో గిన్నె ఇటు వచ్చేది. బాబాయికి ఆటోనగర్‌లో చిన్న లేత్ షెడ్డు ఉండేది. అరిగిపోయిన లారీ షాఫ్టుల్ని మెషిన్ మీద చెక్కి మళ్లీ పనికొచ్చేలా చేసి ఇచ్చేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు మొదట కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, తర్వాత ఉత్త నీళ్లతో కడుక్కుని, గోళ్లు ఒకసారి దీపం కింద చూసుకుని, అప్పుడు హార్మోనియం ముందు కూర్చునేవాడు. అయినా దాని మెట్ల మీద కిరసనాయిలు వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు పాట వినపడినట్టే ఉంటుంది. ఆయనకి ఉన్నది ఒక్కటే వాయిద్యం, ఒక్కటే శ్రుతి. ఎడమవైపు మెట్ల మీదే ఎక్కువగా ఆడేవి ఆయన వేళ్లు. పాట ఏదైనా సరే, నెమ్మదిగా కిందనే నడిపించేవాడు.

నా సంగతి పూర్తిగా వేరు. నాకు దేనిమీదా ఏడాది కంటే మనసు నిలిచేది కాదు. మొదట మౌతార్గాన్ ఊదాను, పెదాలు పగిలాయని మానేశాను. బుల్‌బుల్ వాయించాను, అది పెళ్లి ఊరేగింపుల వాయిద్యమని ఎవరో అంటే ఎవరికో ఇచ్చేశాను. గిటారు కొన్నాను, నాలుగు పాటలు వచ్చేసరికి వేళ్ల కంటే ముందు నాకే విసుగొచ్చింది. "మా ఆయన వాయిద్యం మార్చినంత తేలిగ్గా బనీను మార్చడు" అని మా ఆవిడ కిటికీలోంచి బాబాయి భార్యతో, అంటే మా పిన్నితో, చెప్పుకునేది, నాకు వినపడేలాగే. చివరికి కీబోర్డు కొన్నాను. అబ్బో, ఆ రోజులు! ఒక్క పెట్టెలో వంద వాయిద్యాలు. గంటలు, పిల్లనగ్రోవి, వయొలిన్లు, పేరు తెలియని పక్షి కూత కూడా ఒకటి ఉండేది. అన్నిటికంటే నాకు పిచ్చి పట్టించినవి పై స్థాయిలో తళతళమని మోగే గంటలు. ఎప్పుడు చూసినా కుడిచేతి చివరి మెట్ల మీదే ఉండేవాణ్ణి. సంగీతమంటే అక్కడే ఉందని, కింద ఉన్నదంతా ముసలివాళ్ల కాలక్షేపమని గట్టి నమ్మకం.

ఆదివారం పొద్దున్నే టిఫిన్లయ్యాక వరండాలో చాప వేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. నేను అరగంటలో ఆరు పాటలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తిచేసేవాణ్ణి కాదు. ఆయన ఓపిగ్గా నా వెంట వచ్చేవాడు. వాయిస్తున్నంత సేపూ కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి తిత్తి మీద. ఆపినప్పుడు మాత్రం ఎడమ అరచేయి తీసి నా కీబోర్డు పెట్టె మీద ఆనించి, తల వాల్చి వినేవాడు. నా కీబోర్డుని ముద్దు చేస్తున్నాడనుకునేవాణ్ణి. నేను ఉత్సాహం పట్టలేక కుడివైపు చివరికి పరుగెత్తగానే మాత్రం ఆయన మొహం అదోలా అయ్యేది. "ఒరే అబ్బాయ్, కాస్త తగ్గు" అనేవాడు. పది నిమిషాలకి మళ్లీ అదే మాట, కాస్త తగ్గరా. నాకు ఒళ్లు మండేది. తగ్గమంటే మన భాషలో ఒక్కటే అర్థమా? ఎగిరెగిరి పడుతున్నావు, నీ హద్దులో నువ్వుండు అన్నట్టే వినపడేది నాకు. మూడు పదుల వయసు, కొత్త కీబోర్డు, చూసినవాళ్లంతా భళా అంటున్నారు. లేత్ షెడ్డు నడుపుకునే మనిషి నన్ను తగ్గమనడమేమిటని లోపల గొణుక్కునేవాణ్ణి.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్లముందే ఉన్నాయి. పిన్ని బజారుకెళ్తూ కుక్కరు మూడు కూతలు రాగానే కట్టేయమని చెప్పి వెళ్లేది. వచ్చేసరికి పప్పు అడుగంటి వీధంతా మాడు వాసన. బాబాయి పక్కనే కూర్చుని హాయిగా రాగం తీస్తూ ఉండేవాడు. ఏం మనిషివయ్యా అని పిన్ని తగులుకునేది. ఆయన పరధ్యానం మీద మేమిద్దరం, అంటే మా ఆవిడా నేనూ, బోలెడన్ని జోకులు తయారుచేసుకున్నాం. మాట్లాడితే వీధి చివరికి వినపడేంత గొంతు. షెడ్డులో ఇనుము కోసే రొదలో పాతికేళ్లు ఉన్న మనిషి కదా, అలాగే మాట్లాడతాడు అనుకున్నాం. రొదలో ఉంటే గొంతు పెరుగుతుందని తట్టింది గానీ, చెవి తగ్గుతుందని ఒక్కరికీ తట్టలేదు.

తొంభైల చివర్లో మా ఉద్యోగుల కాలనీ హాల్లో ఒక సంబరం జరిగింది. సంగీతం బాధ్యత నాదన్నాను. ఎవరూ అడగలేదు, నేనే మీద వేసుకున్నాను. బాబాయిని బతిమాలి హార్మోనియంతో సహా ఇబ్రహీంపట్నం తీసుకెళ్లాను. అప్పట్లో అందరి నోటా ఉన్న ఒక సినిమా పాట, దానికి నేను కొత్తగా ఒక ఎత్తుగడ కట్టాను. మొదట నేను పై స్థాయిలో గంటలు మోగిస్తాను, మూడోసారి మోగగానే బాబాయి కింద హార్మోనియం అందుకోవాలి. వరండాలో పదిహేను సార్లు చేశాం, ఒక్కసారీ తప్పలేదు. తప్పకపోవడం ఎలాగంటే ఆయన నా చేతి వైపు చూస్తూ ఉండేవాడు. హాల్లో మా ఇద్దరి మధ్యా ఒక పెద్ద స్పీకరు పెట్టె తెచ్చి పెట్టారు.

గంటలు మూడుసార్లు మోగించాను. హార్మోనియం రాలేదు. మళ్లీ మోగించాను. పక్కకి వంగి చూస్తే ఆయన తిత్తి మీద చెయ్యి వేసి, మెట్ల మీద వేళ్లు పెట్టి, జనం వైపు చూస్తూ చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు. మూడోసారీ అంతే. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా ప్రాణం చచ్చిపోయింది. పరువు దక్కించుకోవాలన్న తొందరలో మైకు దగ్గరికి జరిగి, "మా బాబాయి చెవులు ఇంకా బస్సు దిగినట్టు లేవండి, రాగానే మొదలుపెడతాం," అన్నాను. హాలంతా గొల్లుమంది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి ఒక క్షణం ఆలస్యంగా బాబాయి కూడా నవ్వాడు. తర్వాత పక్కన తబలా అతను ఆయన మోకాలి మీద తట్టి చెప్పాడు, ఏం చెప్పాడో. బాబాయి మొదలుపెట్టాడు, పాట అయిపోయింది, చప్పట్లు కూడా కొట్టారు.

తిరుగు బస్సులో ఆయన హార్మోనియం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గొల్లపూడి దగ్గర కిటికీ వైపు చూస్తూనే, "నువ్వు కాస్త తగ్గాలిరా," అన్నాడు. నేను అప్పటికే ఉడికిపోయి ఉన్నాను. తగ్గాల్సింది నేను కాదు బాబాయ్, పెరగాల్సింది నువ్వు, ఆ పాత పెట్టె పట్టుకుని ఇంకెన్నాళ్లు అక్కడే ఉంటావు అన్నాను. ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాతి ఆదివారం చాప వేసి పిలిచాను, షెడ్డులో పనుందన్నాడు. పై ఆదివారమూ పనే. గిన్నెలు మాత్రం కిటికీలోంచి అటూ ఇటూ ఎప్పటిలాగే తిరిగాయి, రంజాన్ సేమ్యా పాయసం ఎప్పటిలాగే వచ్చింది. తగవేదీ లేదు కాబట్టి సర్దుకోవడానికీ ఏమీ దొరకలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక నా కీబోర్డు మోజు కూడా తీరింది. వేణువు పట్టాను, అదీ సన్నటి వేణువు కాదు, మూర కంటే పొడవైన లావుపాటి వేణువు. ఆ తర్వాత మళ్లీ కీబోర్డు దుమ్ము దులిపి, ఈసారి ఎడమవైపు కూర్చున్నాను. పై గంటలు వినాలంటే చిరాగ్గా ఉండేది, వాటిలో పస లేదనిపించేది. ఇదంతా పరిణతి అని మురిసిపోయాను. కుర్రతనంలో మనిషి పైకి ఉరుకుతాడు, వయసు వచ్చాక లోతు వెతుక్కుంటాడు అని బస్సులో తోటివాళ్లకి ఉపన్యాసాలు ఇచ్చాను. వాళ్లు బుద్ధిగా తలలూపారు. ఇప్పుడు ఆ కాగితం మీద పడిపోయిన గీత చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అందులో పరిణతి ఎంతో, చెవుడు ఎంతో ఏ డాక్టరు విడదీసి చెప్పగలడు?

అప్పటికే బాబాయి షెడ్డు అప్పజెప్పేసి, మైలవరంలో కూతురింటికి దగ్గరగా ఇల్లు తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఒకసారి వెళ్లాను, వేణువు కూడా పట్టుకెళ్లాను. బాగా పెద్దవాడైపోయాడు. వాయించమన్నాడు. నేను కింది స్థాయిలో మొదలుపెట్టగానే కుర్చీ నా వెనక్కి లాక్కుని, ఎడమ అరచేయి నా వీపు మీద ఆనించాడు. పాట అయ్యేదాకా తీయలేదు. "ఇప్పుడు తగ్గావురా," అన్నాడు. ఆశీర్వాదం అనుకున్నాను, వంగి కాళ్లకి దణ్ణం కూడా పెట్టాను. మరుసటి ఏడు ఆయన పోయాడు.

చెవి డాక్టరు దగ్గర్నుంచి బయటికి వచ్చి మెట్ల మీదే నిలబడి మైలవరం ఫోన్ చేశాను. పిన్ని ఎత్తింది. బాబాయికి చెవి ఎప్పట్నుంచి వినపడేది కాదు అని అడిగాను. కుక్కరు కూతే వినపడని మనిషికి ఎప్పట్నుంచని చెప్పేది బాబూ, పిల్లల చదువుల నాటి నుంచీ అంతే, గిరాకీ పోతుందని బయట చెప్పుకునేవాడు కాదు, మెషిన్ పని సగం చెవితోనే కదా అంది. ఆ తర్వాత ఇంకేదో అంది. సన్నటి గొంతు, ట్రాఫిక్, నాకు అందలేదు. మళ్లీ చెప్పు పిన్నీ అన్నాను. గొంతు పెంచి మళ్లీ చెప్పింది.

"నీకు తెలుసనుకున్నాం బాబూ. తెలిసే ఆ రోజు హాల్లో చెవుల మీద అన్నావనుకున్నాడు మీ బాబాయి."

నాకు తెలియదు పిన్నీ, ఒట్టు, నాకు అసలు తెలియదు అన్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, రోడ్డు మీద జనం చూస్తున్నారని. పిన్ని అన్న మొదటి మాట నాకు వినపడలేదు. తర్వాత, "ఈ మాట ఆయనుండగా చెప్పాల్సింది బాబూ," అంది, కోపంగా కాదు, మామూలుగానే.

ఇన్నేళ్లూ ఆయన అలాగే అనుకున్నాడన్న మాట. అనుకుంటూనే పాయసం పంపించాడు, అనుకుంటూనే నా వీపు మీద చెయ్యి వేసి పాట విన్నాడు. ఇంటికొచ్చి కీబోర్డు తీసి నేల మీద చాప పరిచాను. కుడిచేయి ఎడమవైపు మెట్ల మీద ఉంచి, ఎడమ అరచేయి పెట్టె మీద ఆనించి వాయించాను. అరచేతికి పెట్టె అదురు సన్నగా తెలుస్తోంది. కుదురు లేదు, రెండుసార్లు లేచి వరండాలోకి వెళ్లొచ్చాను, మళ్లీ కూర్చున్నాను. ఆయన తగ్గమన్న మెట్టు దగ్గరికి కాలం నన్ను పాతికేళ్లు తీరిగ్గా దింపుకుంటూ తీసుకొచ్చింది గానీ, నేను వచ్చేదాకా ఆయన్ని మాత్రం అక్కడ కూర్చోబెట్టి ఉంచలేదు.