పల్లేరుగాయల మీద నడక

సిద్దిపేటకు బుద్ధుడి నడకను, చైనావాళ్ల తావో కదలికలను తెచ్చినవాణ్ణి నేనే. హిమాలయాల్లో ఒక భిక్షువు దగ్గర మూడేళ్లున్నాను. చేతులు మేఘాల్లా ఎలా కదలాలో చైనా వృద్ధుడొకాయన నాకొక్కడికే చెప్పాడు. నా దగ్గర రెండు వందల మంది నేర్చుకున్నారు.

మూడేళ్లు అన్నాను గానీ, పది రోజులు. అదీ హైదరాబాదు పక్కన ఒక శిబిరంలో. చైనా వృద్ధుణ్ణి ఫోన్‌లో చూశాను. రెండు వందలన్నది, వచ్చి మానేసినవాళ్లను, గోడ మీంచి చూసి నవ్వినవాళ్లను కలుపుకుంటే. రోజూ వచ్చేది పన్నెండు మంది. డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యాక విజిల్ లేని బతుకు బరువైంది. మళ్లీ పదిమంది నా మాటకు కాలెత్తి దించుతుంటే ప్రాణం లేచొచ్చింది, అంతే.

ఆ పన్నెండు మందిలో ఒకడు నా దోస్తు. మా బడిలోనే లెక్కలు చెప్పేవాడు. ఏళ్ల తరబడి షుగర్, అరికాళ్లు మొద్దుబారాయి. ఆ సంగతి నా దగ్గర దాచాడు. నేనేమో బడి మైదానంలో అందరి చెప్పులూ విప్పించేవాణ్ణి. మడమ, పాదం, వేళ్లు ఒక్కొక్కటే నేలకు ఆనిస్తూ, ఊపిరి వదులుతూ నడవాలి. "కాలికి ఏం తెలుస్తుంది?" అని వరుసగా అడిగేవాణ్ణి. ఒకామె "సల్లగుంది" అనేది. వాడు ముందువాళ్లు ఏమంటే అదే అనేవాడు.

వానలు తగ్గాక మైదానమంతా పల్లేరు పాకింది. ఒక పొద్దున నడక మధ్యలో అందరూ ఒంటికాలి మీద గెంతారు. వాడొక్కడే నింపాదిగా సాగిపోయాడు.

"గెంతుడు ఆపుండ్రి! జర ఆయనను చూడుండ్రి. ధ్యానమంటే గది!" అన్నాను.

వెనకున్న టైలరమ్మ కెవ్వుమంది. "సారూ, ఆయన మడిమెకు నాలుగు ముండ్లున్నయ్!"

"నాలుగేనా? ఇజ్జత్ తక్కువైంది," అని వాడు నవ్వుతూ చేత్తో పీకేసుకున్నాడు. నేను చప్పట్లు కొట్టించాను.

మడమ మీద పుండు లేచింది. వాడు కట్టు కట్టుకుని మరీ వచ్చాడు. రావద్దనలేదు నేను, ముందు వరుసలో నిలబెట్టాను. నెల తిరిగేసరికి కాలు నల్లబడింది. హైదరాబాదు దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

ఇప్పుడు ఆ మైదానానికి ఎవరూ రారు. నేనే పోయి కాసేపు చేతులాడిస్తాను. మేఘాలెక్కడివి, ఈగలు తోలుకుంటున్నట్టుంటుంది.

మొన్న వాణ్ణి చూడడానికి మిరుదొడ్డి నుంచి చుట్టాలొచ్చారు. నేను కుర్చీ లాక్కుని అంతా వివరించాను. "కాలు మొద్దుబారిందని ఒక్క మాట చెప్తే, నేను చెప్పులు ఇడిపిస్తుంటినా? దాసిండు, మొండోడు."

మంచం మీద వాడు గోడవైపు తిరిగాడు. వాడి భార్య చుట్టాలందరికీ చాయ్ ఇచ్చి, ఖాళీ పళ్లెంతో నా ముందు నిలబడింది.

"దాసిండా? అన్నా, మొదటినాడు నేను బడి గేటు కాడనే ఉన్న. కాళ్లకు స్పర్శ లేదు, చెప్పులేసుకొనే నడుస్తనన్నడు. 'మా గురువు దగ్గర సచ్చిన నరాలే లేచినయ్' అనుకుంట, ఆ చెప్పులు నీ చేతులతోని గుంజి అవతల పడేసింది నువ్వే."