యంత్రానికి పిచ్చెక్కించే టీచరు

తాడేపల్లిగూడెంలో ఏంజెల్ టీచరంటే తెలియని పిల్లలు తక్కువ. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెబుతుంది. డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు అప్పు పుచ్చుకుని తిరిగి ఇవ్వని పీరియడని అందరికీ తెలిసిందే. ఆ మర్యాద ఆవిడకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ జరుగుతోంది. ఆవిడ పేరు నిలబడింది వేరే చోట. విజయవాడ నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికలో నెలనెలా బొమ్మల కథ వేస్తుంది. అందులో వీరుడి పేరు మెరుపు గూడబాతు.

చలికాలంలో కొల్లేటి మీద వాలే, గడ్డం కింద సంచీ వేలాడే పెద్ద పక్షే గూడబాతు. ఏంజెల్ వీరుడు పగలంతా ఏలూరులో తివాచీలు నేస్తుంటాడు. ఆపద వచ్చిందంటే గడ్డం కింద సంచీ తగిలించుకుని గాలిలోకి లేస్తాడు. అందగాడేం కాదు. నడుము దగ్గర కాస్త లావు కూడాను. అయినా ఆ సంచీలో పట్టని వస్తువు లేదు గనక పిల్లలకు ఆయనంటే ప్రాణం.

కథ మాత్రం ఎప్పుడూ ఒకటే. మొదటి పేజీలో ఒక మంచి సైంటిస్టు లోకానికి మేలు చేద్దామని యంత్రం తయారు చేస్తాడు. రెండో పేజీలో పిడుగు పడుతుంది, లేకపోతే వైరు తెగుతుంది. మూడో పేజీకల్లా యంత్రానికి పిచ్చెక్కుతుంది. ఉంగుటూరులో వరి కోసే యంత్రం చేను అయిపోయినా ఆగక కరెంటు స్తంభాలు కోసుకుంటూ రోడ్డెక్కుతుంది. ఏలూరు కాలవ లాకులు వాటంతటవే తెరుచుకుని ఊరి మీదికి నీళ్లు వదులుతాయి. గూడెం రైసుమిల్లు ధాన్యం చాలక లారీని, దాని వెనకే గుమస్తాగారి గొడుగుని మింగేస్తుంది. గూడబాతు వచ్చి యంత్రాన్ని సంచీలో వేసుకుపోతాడు. చివరి బొమ్మలో సైంటిస్టు కళ్లద్దాలు తుడుచుకుంటుంటే ఊరంతా ఆయన్ని ఓదారుస్తుంది.

ఆవిడ మొదట ఇలా వెయ్యలేదు. మొట్టమొదటి కథలో కాలవ గట్టును మింగేసిన కంట్రాక్టరును దుర్మార్గుడిగా పెట్టింది. ఎడిటరు పట్టాభిరామయ్యగారు ఫోన్ చేశారు.

"అమ్మా, ఈ కంట్రాక్టరుది ఏ ఊరండీ?"

"ఏ ఊరూ కాదండీ, ఊరికే ఊహించి వేశాను."

"అలాగంటే అన్ని ఊళ్లవాళ్లూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంటారు తల్లీ. కులం ఏమిటని అడుగుతారు. పార్టీ ఏమిటని అడుగుతారు. యంత్రాన్ని దుర్మార్గుణ్ణి చెయ్యండి. యంత్రం తరఫున ఇంతవరకూ ఎవరూ రాలేదు."

ఆయన మాట ఆవిడకు నచ్చింది. యంత్రానికి పిచ్చెక్కితే తయారు చేసినవాడికి పాపం అంటదు, నడిపినవాడికి నింద రాదు, పత్రికకు చిక్కు లేదు. ఒకసారి క్లాసులో ఓ పిల్ల లేచి, "స్విచ్చి ఆపేస్తే సరిపోతుంది కదా టీచర్?" అంది. ఆ నెల నుంచి ఏంజెల్ మొదటి పేజీలోనే స్విచ్చిని కాల్చెయ్యడం మొదలుపెట్టింది. ఆపడానికి ఎవరికీ అందకపోతేనే కథ నడుస్తుందని ఆవిడ గ్రహించింది.

ఇక ఆవిడ సంసారం సంగతి. నాన్న తోమా మాస్టారు ఉంగుటూరు మిషన్ బడిలో చదువు చెప్పేవారు. అమ్మ అచ్చమ్మ పోయేనాటికి తమ్ముడు ఆనంద్ పాల్ ఇంకా అన్నం కలిపి పెడితేగాని తినని వయసు. కలిపి పెట్టింది ఏంజెలే. తర్వాత సంబంధాలు వచ్చాయి, పోయాయి. తమ్ముడు పెద్దవాడై ఏలూరులో చేపల మేత కొట్టు పెట్టాడు, కొల్లేటి పక్క ఊళ్లో ఒక చెరువు లీజుకు తీసుకున్నాడు. ఆదివారం గుడి అయ్యాక కారులో గూడెం వచ్చి అక్క చేతి భోజనం చేసి వెళ్తాడు. ఆ కారు వీధి మలుపు తిరిగే చప్పుడు కోసం ఆవిడ శనివారం నుంచే చెవి ఒగ్గి ఉంటుందంటే అబద్ధం కాదు.

ఆనంద్ పాల్ తన చెరువుకు ఈమధ్య ఒక యంత్రం తెచ్చాడు. చేపలకు గాలి చాలకపోతే నీళ్లను చిలికే ఏరియేటర్లు ఉంటాయి. వాటిని ఇదివరకు మనిషి వేసేవాడు, మనిషి ఆపేవాడు. ఈ యంత్రం నీళ్లలో గాలి ఎంతుందో అదే చూసుకుంటుంది, ఏరియేటర్లు అదే వేస్తుంది. దాని పగ్గం ఆనంద్ పాల్ ఫోన్లో ఉంటుంది. మబ్బు పడితే నీళ్లలో గాలి తగ్గుతుంది గనక, గట్టు మీద కాపలా ఉండే ముత్యాలరావుకు చిన్న మబ్బు కనిపించినా ఏరియేటర్లు వేసేసే అలవాటు. కరెంటు దండగని ఆనంద్ పాల్ స్విచ్చిల పెట్టెకు తాళం వేసి, చెవి తన కారు తాళాల గుత్తికి తగిలించుకున్నాడు.

ఓ ఆదివారం చేపల పులుసు వడ్డిస్తుంటే అతనే చెప్పాడు. "ఫోన్లో సేవింగ్ అని ఒకటుందక్కా. నిన్న అందులో పెట్టాను. బిల్లు సగానికి దిగుతుందంట."

"మంచిదేరా, ఇంకో ముక్క వేసుకో," అంది ఆవిడ. వినలేదని కాదు. ముక్క మీద ధ్యాసతో విన్నది.

మర్నాడంతా మబ్బు. సూర్యుడు కనిపించలేదు. ఆ మర్నాడు తెల్లవారేసరికి చెరువు నిండా బొచ్చె చేపలూ శీలావతులూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి. యంత్రం పొదుపుగా ఊరుకుంది. ముత్యాలరావు పెట్టె ముందు నిలబడి ఫోన్ మీద ఫోన్ చేశానన్నాడు. ఆనంద్ పాల్ ఆ వేళకు ఫోన్ నోరు నొక్కి నిద్రపోతున్నాడు. చెరువు చూశాక అతనికి కోపం ఎక్కింది. "నిద్రపోయి, అంతా అయ్యాక లేచి ఫోన్ చేశాడు," అని ఊరి పెద్దల దగ్గర ఫిర్యాదు పెట్టాడు. ఆ ఊళ్లో ఒక చెరువు మీద తప్పు పడినవాడికి ఇంకే చెరువు మీదా కాపలా పని ఇవ్వరు. ముత్యాలరావుకు వేరే పని రాదు, వేరే ఊరు లేదు.

పెద్దలు కూర్చోవడానికి ముందు రోజు ముత్యాలరావు భార్య వరలక్ష్మి స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. ఒడిలో పాత మాసపత్రిక ఉంది.

"మా అమ్మాయి తేజశ్రీ చదివి వినిపించిందండీ. ఉంగుటూరులో కోత మిషనుకి పిచ్చెక్కి స్తంభాలు కోసేసిందంట కదండీ. మీరే రాశారంట. మా పెద్దలకి ఆ మాట మీరొచ్చి చెప్పాలండీ."

"అది కథమ్మా. నిజంగా జరగలేదు."

వరలక్ష్మి నమ్మలేదు. "అచ్చులో వేశారు కదండీ. జరగందే వేస్తారా ఏంటండీ?" అని, కాస్త గొంతు తగ్గించింది. "మిషనుకి పిచ్చెక్కిందనండమ్మా. మా ఆయన మీదికి మాట రాదు. మీ తమ్ముడుగారి మీదికీ రాదు. ఎవరికీ నష్టం లేని మాటండీ అది."

పట్టాభిరామయ్యగారిని ఎన్నడూ చూడని మనిషి ఆయన మాటే చెప్పింది. ఏంజెల్ ఒప్పుకుంది. ఇంటికొచ్చి ఎలా చెప్పాలో కూడా అనుకుంది. కొత్త యంత్రం, తడి తగిలి ఉంటుంది, మతి తప్పి ఉంటుంది. ఇంతకంటే అన్యాయమైన కారణాలు అచ్చు వేయించింది ఆవిడ.

ఉంగుటూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆటో దిగాక గట్టు మీద నడక. ఊరి చావిడిలో పెద్దలు కూర్చుని ఉన్నారు. అందరికంటే పెద్ద దుర్గారాజుగారు. ఒక పక్క ఆనంద్ పాల్ కుర్చీలో, ఇంకో పక్క ముత్యాలరావు నేల మీద. అక్కను చూసి ఆనంద్ పాల్ ఆశ్చర్యపోయాడు. తన తరఫున వచ్చిందనుకుని వెంటనే సర్దుకున్నాడు కూడా. ఆ ఊరి కట్టుబాటు ఒకటుంది. తప్పు చేసినవాడు లేచి నిలబడితే చాలు, ఆ పైన ఆ మాట ఊళ్లో ఎవరూ ఎత్తకూడదు. కాపలావాడికైతే పని మాత్రం పోతుంది. నిలబడమని ముత్యాలరావును అప్పటికే అడిగారు. అతను నిలబడలేదు.

దుర్గారాజుగారు ఏంజెల్ వైపు తిరిగారు. "ఏవమ్మా, మీరు మిషన్ల మీద పుస్తకాలు రాస్తారంట కదండీ. మిషనుకి దానంతటదే పిచ్చెక్కుద్దా అండీ?"

ఎక్కుతుంది అంటే అయిపోయేది. అందరూ లేచి టీ తాగేవాళ్లు. కాని ఏంజెల్ కళ్లు ముత్యాలరావు మీద పడ్డాయి. అతను ఆవిడ నోటి వంక చూస్తున్నాడు. ఫోన్ చేశానన్న అతని మాటను అక్కడ ఒక్కరూ నమ్మలేదు. యంత్రానికి పిచ్చి అంటే అతను బయటపడతాడు, నిజమే. అతను చెప్పింది నిజమని మాత్రం ఎప్పటికీ తేలదు. పెట్టె తాళం అలాగే ఉంటుంది, రేపు ఇంకో మబ్బు పడుతుంది.

"ఎక్కదండీ," అంది ఆవిడ. "ఇన్నేళ్లుగా వాటికి ఎక్కిస్తున్నది నేనే. ఎవరి పేరూ చెప్పలేనప్పుడు యంత్రం పేరు చెబుతూ వచ్చాను."

వరలక్ష్మి ముఖం పాలిపోయింది. యంత్రానిది కాకపోతే ఇక తన మొగుడిదే కదా అని ఆమె లెక్క. చావిడి అంతా ముత్యాలరావు వైపు తిరిగింది. ఏంజెల్ ఆగలేదు.

"యంత్రాన్ని తక్కువ పని చెయ్యమని మా తమ్ముడే ఫోన్లో పెట్టాడండీ. ఆ మాట మా ఇంట్లో, నేను వడ్డిస్తుంటే చెప్పాడు. చేత్తో వేద్దామంటే పెట్టెకు తాళం. చెవి వాడి దగ్గరే ఉంది."

"అక్కా!" అన్నాడు ఆనంద్ పాల్.

ఆనంద్ పాల్ లేచి నిలబడ్డాడు. కారు తాళాల గుత్తి తీసి, గోళ్లతో ఒక చెవి ఊడదీసి ముత్యాలరావు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దుర్గారాజుగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. కట్టుబాటు ప్రకారం అది చాలు. వరలక్ష్మి ఏడుస్తూ ఏంజెల్ చేతులు పట్టుకుంది గాని, ఏంజెల్ వింటున్నది దూరంగా పోతున్న కారు చప్పుడు. తిరుగు ప్రయాణం మళ్లీ ఆటోలోనే చేసింది.

తర్వాతి ఆదివారం కారు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే మరదలు ఇందు తీసి, "ఆయన పనిలో ఉన్నారండీ వదినగారూ," అని మర్యాదగా పెట్టేసేది. ఏంజెల్ మాత్రం ప్రతివారం ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది పక్కింటికి పంపేది. ఆ రోజు మాట దాచి ఉంటే ఏం పోయేదని తనను తాను తిట్టుకున్న రాత్రులు ఉన్నాయి. అలా తిట్టుకున్న మర్నాడే, దాచి ఉంటే తమ్ముడి ముఖం ఎలా చూసేదాన్నని అనుకునేది. ఈ మధ్యలోనే యంత్రం కాక మనిషే తప్పు చేసే కథ ఒకటి వేసి పంపింది. పట్టాభిరామయ్యగారు ఇంకా ఆలోచిస్తున్నారు.

వానాకాలం నడిమిలో ఓ ఉదయం ముత్యాలరావు ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, అయ్యగారు నిన్నట్నుంచి చెరువు దగ్గరే ఉన్నారండీ. మబ్బు పట్టింది కదండీ. చెవి నా దగ్గరే ఉందండీ, నేను చూసుకుంటానన్నా కదల్లేదు. టీ తప్ప ఏమీ ముట్టలేదండీ. నేను చెప్పానని అనకండేం."

ఏంజెల్ స్కూలుకు సెలవు చెప్పింది. గబగబా వండి, క్యారేజీ కట్టుకుని బస్సెక్కింది.

ఆనంద్ పాల్ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నీళ్లు చూస్తున్నాడు. గడ్డం పెరిగింది. చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. అక్కను చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. ఆవిడ కంచం పెట్టి వడ్డించింది. అతను తలొంచుకుని తిన్నాడు. అన్నంలో చారు పోసుకున్నాక మొదటిసారి నోరు విప్పాడు.

"ఉప్పు వెయ్యలేదు."

"కంగార్లో మర్చిపోయాన్రా. తప్పు నాదే," అంది ఏంజెల్. తమ్ముడి నోట ఇన్నాళ్లకు విన్న మొదటి మాట అది. ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది, మూత పెట్టే వంకతో అటు తిరిగింది.

అతను కంచం ఖాళీ చేసి, గట్టు దిగి చెరువులో చెయ్యి కడుక్కున్నాడు. కడగడం అయ్యాక కూడా లేవలేదు.

"ఆ రోజు తప్పు నాదక్కా," అన్నాడు, నీళ్ల వైపే చూస్తూ.