మా మామ మొలతాడు

మోత్కూరులో బట్టల దుకాణం కాలిపోయాక మా మేనమామకు తిండి ఒక్కటే తోడైంది. ఆయన బండి వెనక కూర్చుంటే ఎడ్లు కాడితో సహా గాల్లోకి లేచేవి, ఒట్టు! “నువ్వు లేచి నిలవడ్డనాడే వస్త” అని అత్త చిట్యాలలోని పుట్టింటికి పోయింది.

మామ పాత సైకిల్‌కు చీరల మూట కట్టి ఊరూరా అమ్మసాగాడు. ఒళ్లు తగ్గి మొలతాడు జారినప్పుడల్లా నడిరోడ్డు మీద ఆగి, దానికి ముడి వేసి, “చూడుండ్రి, ఇంకోటి!” అని కేక పెట్టేవాడు.

పదో ముడి పడ్డ పొద్దునే చిట్యాల దాకా తొక్కాడు. అత్త గుర్తుపట్టలేదు. “ఎవలు గావాలె అయ్యా?” అంది.

మామ చొక్కా ఎత్తి ముడులు చూపించాడు.

అత్త పకపకా నవ్వి, వేలాడే తాడు కొసను కోసి సైకిల్ హ్యాండిల్‌కు కట్టింది. “దిష్టి ఇంక దీనికే తగుల్తది. మూట ముందట కట్టు, ఎనక నేను గూసుంట.”